ఆరు ఇసుక బస్తాలు, ఇద్దరు మనుషుల కారు

నేను చేసిన తప్పు బరువు సరిగ్గా మూడు వందల కిలోలు. మాటవరసకు చెప్పడం లేదు. ఆరు ఇసుక బస్తాలు, ఒక్కొక్కటి యాభై కిలోలు, కాటా మీద పెట్టి తూచి ఆ రోజు డైరీలో రాసుకున్నాను. కింద ‘పరీక్ష సంతృప్తికరం’ అని రాసి గీత కూడా గీశాను. బండ్ల పనిలోకి కొత్తగా వస్తున్న మీలాంటి పిల్లలకు ఆ పేజీ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మంచి పనులు చేసిన పేజీలు కూడా నా డైరీల్లో ఉన్నాయి కానీ, వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

ముప్ఫై రెండేళ్ళు బస్సు డిపో వర్క్‌షాపులో పనిచేశాను. మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా బయటికొచ్చాను. అందులో సగం పైగా కమాన్ల సెక్షన్‌లోనే గడిచింది. బస్సు ఇరుసు మీద పొరలు పొరలుగా పేర్చి కట్టే ఉక్కు పట్టీలను మేం కమాన్లంటాం. ఏ బండికి ఎన్ని పట్టీలు, ఎప్పుడు మార్చాం, మార్చాక ఎన్నాళ్ళు నిలిచింది, అన్నీ డిపో రిజిస్టరులో ఒకసారి, ఇంటికొచ్చి నా డైరీలో ఒకసారి రాసేవాణ్ణి.

రిటైరయ్యాక రాయడానికి ఏమీ లేకుండా పోయింది. ‘ఉదయం టీ. సాయంత్రం టీ. మధ్యలో వాన’ అని రాసిన రోజులున్నాయి. డిపోలో నా దగ్గర పని నేర్చుకుని, తరవాత సత్తుపల్లిలో సొంతంగా షాపు పెట్టుకున్న మనిషి ఒకరోజు ఇంటికొచ్చాడు.

“సారూ, ఊకె కూసుంటే మోకాళ్ళు పట్టేస్తయ్. మా షాపుకు రాండ్రి. మీకో కుర్చీ ఏస్త” అన్నాడు.

అలా నా రెండో ఉద్యోగం మొదలైంది. కుర్చీ వేశాడు కానీ అందులో కూర్చున్న రోజులు తక్కువ. బొగ్గు టిప్పర్లు, ధాన్యం లారీలు, పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్లు పొద్దున్నుంచీ వరస కట్టేవి. ఆ ఊళ్ళో ఏ బండికైనా మందు ఒకటే: ఒక పట్టీ అదనంగా ఎక్కించడం. కుంగితే ఒక పట్టీ, ఊగితే ఒక పట్టీ, విరిగితే రెండు. కొత్త టిప్పర్ కొన్నవాళ్ళు సరాసరి మా షాపుకే తెచ్చి, పట్టీ ఎక్కించాకే మొదటి లోడుకు పంపేవారు. గట్టిగా ఉంటే మంచి బండి. ఈ మాటను అక్కడ ఎవరూ ప్రశ్నించరు. నేనూ ప్రశ్నించలేదు.

ప్రశ్నించేవాడు ఒక్కడుండేవాడు. కొలిమి దగ్గర పనిచేసే ఉస్తాద్. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చదువు లేదు, కొలతలు రాయడు. పట్టీని సుత్తితో ఒకసారి తట్టి, ఆ మోత విని, “ఇది ఇంకో రెండు నెలలు” అనేవాడు. రెండు నెలలకే అది విరిగి వచ్చేది. నేను డైరీ తీసినప్పుడల్లా “సాబ్ హిసాబ్ తీసిండు, ఇంక బండి భయపడి మంచిగైతది” అని ముసిముసిగా నవ్వేవాడు.

ఒక ఏడు వానలు వెనకపట్టాక, ఒక శనివారం, పాత చిన్న కారొకటి మా షాపు ముందు ఆగింది. ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. నడిపిన అమ్మాయికి ముప్ఫై దాటి ఉంటాయి. భద్రాచలం అవతల అడవి లోపలి ఒక కోయ పల్లె వాళ్ళది. అక్కడికి దగ్గర్లోని ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు ఆటలు నేర్పే పీఈటీ టీచరు. పక్కన దిగినావిడ ఆమె అన్న భార్య, వదిన. తునికాకుకీ, విప్పపువ్వుకీ చిన్నప్పటినుంచీ అడవి తిరిగిన మనిషి.

సత్తుపల్లి అవతల పామాయిల్ తోటల మధ్యనుంచి అడవి అంచుదాకా మట్టి బాటల మీద ఒక క్లబ్బువాళ్ళు ఏటా కారు పందెం పెట్టేవారు. కొత్తగా నడిపేవాళ్ళకు అందులో వేరే తరగతి ఉంది. మా టీచరు నడుపుతుంది, వదిన పక్కన కూర్చుని దారి కాగితాలు చూసి మలుపులు చెబుతుంది.

“కొత్తోళ్ళ తరగతిల మూడుసార్లే రానిస్తరు సార్” అంది టీచరు. “రెండుసార్లు మధ్యలనే ఆగిపోయిన. మొదటిసారి వెనక షాకప్ పగిలింది. రెండోసారి ముందుది, పైన పట్టుకునే బిళ్ళ విరిగింది. ఇదే ఆఖరిది.”

షాక్ అబ్జార్బర్లకే పనివాళ్ళ నోట షాకప్‌లని పేరు. పని తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట: స్ప్రింగు గుంతను మింగుతుంది. మింగినదాన్ని వెంటనే కక్కకుండా పట్టి ఉంచేది షాకప్. రెండూ ఒకదానికొకటి కుదరాలి.

“ఈసారి కూడా ఆగితే ఏమవుతుందమ్మా?” అని అడిగాను.

టీచరుకంటే ముందు వదిన అందుకుంది.

“ఏమైతది సారూ, బళ్ళె మొఖం జూపెట్టుడు కష్టమైతది. రోజూ పిల్లల్ని గ్రౌండ్ల నిలబెట్టి, పరుగు మొదలుపెడితే గీత దాటేదాంక ఆగొద్దు, ఆఖర్న వచ్చినా దాటాలె అని చెప్తది గదా. మొన్న ఒక పిల్ల అడిగింది, మేడమ్, నువ్వెప్పుడు దాటుతవ్ అని.”

“వదినా, గదంతా ఎందుకిప్పుడు!”

“డాక్టర్‌కి చెప్పినట్టు చెప్పాలె. దాస్తే రోగం ఎట్ల వోతది?”

నాకు ఉత్సాహం వచ్చింది. చాలా రోజుల తరవాత రాసుకోదగ్గ పని. రెండుసార్లూ షాకప్ దగ్గరే దెబ్బతింది అంటే స్ప్రింగు కుంగి కారు కింద తగులుతోంది. పాత స్ప్రింగులు కొలిచి చూస్తే రెండు వేళ్ళ మేర కుంగిపోయి ఉన్నాయి కూడా. అంతవరకు నా లెక్క సరే. ధాన్యం లారీలు తూచే కాటా దగ్గరికి కారు తీసుకెళ్ళి ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూయించాను. కాటా అతను కిటికీలోంచి తొంగి చూసి “ఏం లోడు సారూ?” అన్నాడు. “ఇద్దరు ఆడోళ్ళం అన్నా, జాగ్రత్తగ రాయి” అంది వదిన.

డిపోలో ఒక పద్ధతి ఉండేది. కమాన్లు మార్చిన ఏ బస్సునైనా నిండు బరువుతోనే పరీక్షించాలి. సీట్ల మీద ఇసుక బస్తాలు పేర్చి నడిపి చూసేవాళ్ళం. ముప్ఫై రెండేళ్ళు అదే చేశాను కాబట్టి ఈ కారుకూ అదే చేశాను. నిండు బరువు లెక్కకట్టి ఆరు బస్తాలు తూచి కారులో వేయించాను. ఇదే జాతి కారు మీద కట్టిన సరుకుల బండి ఒకటుంది, దాని స్ప్రింగులు తెప్పించాను. అవి ఎక్కువ గట్టివి. వాటికి తగ్గ గట్టి షాకప్‌లు నాలుగు.

ఉస్తాద్ కొలిమి వదిలి వచ్చి కారు చుట్టూ తిరిగాడు.

“సాబ్, పందెంల దీన్ల ఎందరు కూసుంటరు?”

“ఇద్దరే.”

“మరి గీ బస్తాలెందుకు?”

“నిండు లోడు పరీక్ష. మా డిపో పద్ధతి.”

“అచ్ఛా” అని వెళ్ళిపోయాడు. ఆయన అచ్ఛా అన్నాడంటే ఒప్పుకోలేదని అర్థం. అది తెలిసి కూడా నేను వెనక్కి పిలిచి అడగలేదు.

కల్లూరు వైపు తారు రోడ్డు మీద నడిపించాం. కారు మంచం మీద పడుకున్నంత నిమ్మళంగా వెళ్ళింది. ఎలా ఉందమ్మా అని అడిగితే టీచరు “బాగుంది సార్” అంది. వదిన వెనక్కి తిరిగి చూసి, “బస్తాలైతే మంచిగ కూసున్నయ్ సారూ, కిక్కురుమంటలేవు” అంది. అందరం నవ్వాం. బస్తాలు దింపి షాపులో పెట్టుకున్నాం. ఖాళీ కారులో వాళ్ళిద్దరూ ఊరికి బయల్దేరారు. నాకు అక్కడైనా తట్టవలసింది. తట్టలేదు. ‘డ్రైవరు సంతృప్తి వెలిబుచ్చారు’ అని కూడా ఆ సాయంత్రం డైరీలో చేర్చాను.

బుధవారం పొద్దున షాపుకు ఫోను వచ్చింది. వదిన.

“సారూ, మా టీచరమ్మ చెప్పదు, నేనే చెప్తున్న. కారు కప్ప లెక్క దుంకుతున్నది. నిన్న మలుపు కాడ తిప్పుతే తిరగక చేన్ల దిగింది. దెబ్బలేం తగల్లే. గానీ పిల్ల రాత్రి అన్నం తినలే.”

నా మొదటి జవాబు ఇప్పటికీ నాకు సిగ్గు తెప్పిస్తుంది. “అలా జరగడానికి వీల్లేదమ్మా, నిండు లోడుతో పరీక్షించాం” అన్నాను. షాపు ఓనరు బల్ల అవతలినుంచి విని, “పోయి జూసి రాండ్రి సారూ, ఉస్తాద్‌ను గూడ తీస్కపోండ్రి” అన్నాడు. పందేనికి ఇంకా పదకొండు రోజులుంది. నేను నా లెక్క తప్పు కాదని నిరూపించడానికే భద్రాచలం బస్సెక్కాను. ఉస్తాద్ పక్క సీట్లో కూర్చుని దారంతా కునుకు తీశాడు.

గోదావరి వంతెన దాటాక టీచరే కారు తెచ్చి ఎక్కించుకుంది. పల్లె దగ్గర అడవిలోకి పోయే మట్టి రోడ్డు. వానకు కోసుకుపోయి, ఎండకు గట్టిపడి, అడ్డంగా గీతలు గీతలుగా లేచి ఉంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఒక మైలు నడిపించాను. కొంచెం కుదుపు ఉంది, అంతే.

“బాగానే ఉందిగా” అన్నాను.

ఉస్తాద్ తలుపు తీసి పట్టుకున్నాడు. “సాబ్, మీరు దిగుర్రి.”

“ఎందుకు?”

“మీరే రెండు బస్తాలు.”

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను దిగాను. ఉస్తాద్ నన్ను మలుపు పక్కన గట్టు మీద నిలబెట్టి, “ఇంజన్ చప్పుడు ఇనకుర్రి, మనిషి మొఖం జూడకుర్రి. చక్రం కాడ దుమ్ము జూడుర్రి” అన్నాడు.

వాళ్ళిద్దరే ఎక్కి వచ్చారు. చక్రం నేలను పట్టుకుని నడిస్తే దుమ్ము తాడులా ఎడతెగకుండా లేస్తుంది. ఈ కారు వెనక దుమ్ము ముక్కలు ముక్కలుగా లేచింది. ఒక పొగ, ఖాళీ, ఒక పొగ, ఖాళీ. ఆ ఖాళీల్లో చక్రం గాలిలో ఉంది. మలుపులో ముందు చక్రం కింద నాకు అవతలి గడ్డి కనిపించింది. నేలకు తగలని చక్రాన్ని ఎవరు మాత్రం ఎలా తిప్పగలరు? అంత గట్టి స్ప్రింగులను వంచడానికి ఆ ఇద్దరి బరువు చాలదు. మూడు వందల కిలోల ఇసుక మా షాపులో ఉంది.

కారు ఆపించి దగ్గరికి వెళ్ళాను. “శనివారమే తెలిసిందా అమ్మా నీకు?”

టీచరు స్టీరింగు మీదినుంచి చేతులు తీయలేదు. “బస్తాలు దింపినంక తెలిసింది సార్. తల్లాడ రోడ్డెక్కక ముందే.”

“మరి ఫోన్ చేసి చెప్పొచ్చు కదా?”

“మీరు పెద్దోళ్ళు. అంత కొలిచి, అంత రాసుకున్నరు. కారు కరెక్టే ఉంటది, నాకే నడపరాదేమో అనుకున్న. రెండుసార్లు ఆగిపోయింది గూడ గందుకేనేమో అనుకున్న.”

నా ఉద్యోగ జీవితంలో పై అధికారులు చాలామంది నన్ను తిట్టారు. ఆ తిట్లన్నీ కలిపినా ఈ మాటంత గట్టిగా తగల్లేదు. నేను బిగించిన స్ప్రింగు ఒక మనిషికి తన చేతుల మీద నమ్మకం పోగొట్టింది. “తప్పు నాదమ్మా. నువ్వు నడపడంలో ఏ లోపమూ లేదు” అన్నాను. ఆమె వెంటనే నమ్మినట్టు కనిపించలేదు. నమ్మడానికి ఇంకా నాలుగు రోజులు పట్టింది.

మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం పెట్టారు. జొన్న గటక, చేపల పులుసు. గోడకు రెండు కావడి బద్దలు ఆనించి ఉన్నాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. నేను అలవాటు కొద్దీ లేచి రెంటినీ వంచి చూశాను. లావుది ఎక్కువ బరువుకి, సన్నది తక్కువ బరువుకి కాబోలు అన్నాను.

“కాదు సారూ” అంది వదిన. “రెండిటికీ అవే బిందెలు, అవే నీళ్ళు. లావుది మా ఆయనది. దబదబ అడుగులేస్తడు, ఆయనకి బద్ద గట్టిగ ఉండాలె. సన్నది మా మామది. చిన్న చిన్న అడుగులు. గా లావుది మామ భుజం మీద పెడితే తోలు లేస్తది. బద్ద కోసేటప్పుడు బరువొక్కటే జూస్తే ఎట్ల? మోసేటోని నడక గూడ జూడాలె.”

ఉస్తాద్ గటక ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు. ఆ రోజు డైరీలో మొదటి వాక్యం అదే రాశాను. ఎవరు చెప్పారో కూడా రాశాను.

తిరుగు బస్సులో నాకు డిపో గుర్తుకొచ్చింది. మా డిపోలో ఒక డ్రైవరు, తెల్లవారుజామున అడవి పల్లెలకు వెళ్ళే మొదటి బస్సు నడిపేవాడు. ‘బండి వెనక తోక ఊపుతున్నది’ అని ఫిర్యాదు పుస్తకంలో మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ నేను ఇసుక బస్తాలు వేసి నడిపించి, ‘పరీక్షించడమైనది, లోపం లేదు’ అని కింద రాశాను. ఆ బస్సు పొద్దున్నే పల్లెకు వెళ్ళేటప్పుడు ఖాళీగా పోతుందని, నిండేది తిరుగు ప్రయాణంలోనే అని నాకు తెలియదా? తెలుసు. నా పరీక్షలో దానికి చోటు లేదు, అంతే. ఇంటికొచ్చి పాత పుస్తకాల్లో ఆయన నంబరు వెతికి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను.

అవతల ఆయన గట్టిగా నవ్వాడు. “ఇన్నేండ్లకు తెలిసిందా సారూ? ఆ బండి తుక్కుకు వోయింది. నేనింక పోలే. సంతోషం, ఒకసారి ఛాయకు రాండ్రి.”

ఆయనకు నా మీద కోపం లేకపోవడం నా అదృష్టం. ఉండి ఉంటే న్యాయమే.

శుక్రవారం కారు మళ్ళీ షాపుకు వచ్చింది. ఈసారి నేను కొలత టేపు తీయలేదు. టీచరును కుర్చీలో కూర్చోబెట్టి, నేను స్టూలు మీద కూర్చున్నాను. మలుపు ముందు బ్రేకు ఎక్కడ వేస్తావు, వేశాక కారు ముక్కు ఎంత కుంగితే నీకు నచ్చుతుంది, గుంత కనిపిస్తే తప్పిస్తావా, దాని మీదినుంచే పోతావా, ఇలా అడుగుతూ పోయాను. మొదట ఒక్కో మాట పీకి తీయవలసి వచ్చింది. ప్రతిదానికీ “మీరెట్లంటే గట్లనే సార్” అంటుంది. చివరికి ఉస్తాదే, “బేటీ, చెప్పు కరిస్తే కాలుకే తెలుస్తది. కుట్టినోనికి తెలుస్తదా?” అన్నాడు. అప్పుడు మొదలుపెట్టింది. పరుగులు తీసిన మనిషి కదా, తన ఒంటి బరువు ఎప్పుడు ఏ కాలి మీద పడుతుందో చెప్పినట్టే కారు బరువు గురించి చెప్పింది. నేను పదకొండు పేజీలు రాశాను.

తరవాత ఉస్తాద్ ఒక పని చేశాడు. షాకప్ కడ్డీకి ఒక దారం బిగుతుగా చుట్టి ముడేశాడు. కారు కుంగినప్పుడు షాకప్ ఒళ్ళు ఆ దారాన్ని పైకి తోస్తుంది. నడిపి వచ్చాక దారం ఎంత ఎత్తున ఆగిందో చూస్తే, కడ్డీ ఎంతవరకు కదిలిందో తెలుస్తుంది. కదలడానికి మొత్తం నాలుగు వేళ్ళ చోటుంది. నా గట్టి స్ప్రింగులతో దారం రెండు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. పాత కుంగిన స్ప్రింగులు వేసి చూస్తే కొసదాకా పోయి టప్పున తగిలింది. రెండుసార్లు పగిలింది ఆ దెబ్బకే.

చివరికి కుదిరింది ఏమిటో చెబితే మీకు నవ్వొస్తుంది. ఆ కారుకు కంపెనీ మొదట వేసిన స్ప్రింగులే. కాకపోతే కొత్తవి. ముందు మాత్రం ఒక మెట్టు బలమైన షాకప్‌లు, వెనక మామూలువి, తగిలే చోట కొత్త రబ్బరు. దారం మూడున్నర వేళ్ళ దగ్గర ఆగింది. పెద్ద గుంతలో మాత్రమే కొసకు తగిలింది. టీచరు రెండు రోజులు సెలవు పెట్టి తోటల మధ్య నడిపింది. మూడోనాడు షాపులోకి వచ్చి, “సార్, నాకు నడపొస్తది” అంది. బాగుంది అనలేదు. నాకు అదే కావలసింది.

ఓనరు మాత్రం ఊరుకోలేదు. “సారూ, ఇన్ని రోజులు తిప్పి తిప్పి కంపెనీ స్ప్రింగే ఏసిన్రా? మన షాపు పేరు ఖరాబైతది. ఒక పట్టీ అయినా ఎక్కియ్యకపోతిరి!”

పందెం రోజు ఆదివారం. మా షాపు జీపులో నేను, ఉస్తాద్ పనిముట్లు వేసుకుని వెళ్ళాం. మధ్యలో ఒకచోట ప్రతి కారూ ఇరవై నిమిషాలు ఆగి మరమ్మతులు చేసుకోవచ్చు. మా జాగా ఒక పామాయిల్ తోట కంచె పక్కన. కొత్తవాళ్ళ తరగతిలో పద్నాలుగు కార్లు. మాది ఎనిమిదోదిగా వచ్చింది. వదిన హెల్మెట్ తీయకుండానే దిగి, “సారూ, వెనక ఎడమ పక్క జూడుర్రి. ఊయలూగుతున్నది” అంది.

కింద పడుకుని చూశాను. వెనక ఎడమ షాకప్ కారిపోతోంది. నూనె ఒళ్ళంతా జారి మట్టి పేరుకుంది. దారిలో రాయి తగిలి కడ్డీ గీసుకుపోయినట్టుంది. మామూలు షాకప్ మా దగ్గర ఇంకొకటి లేదు. ఉన్నవల్లా నేను మొదట్లో ఎంచిన ఆ గట్టి జత. జాగ్రత్త కోసమని నేనే జీపులో వేయించాను. ఇరవై నిమిషాల్లో వెనక రెండూ మార్చేయవచ్చు. నా చెయ్యి అప్పుడే స్పానరు మీద ఉంది.

“వద్దు సార్” అంది టీచరు.

నేను కింద పడుకునే చెప్పాను. “షాకప్ పనిచేయకపోతే గుంత దాటాక కారు ఊగుతూనే ఉంటుందమ్మా. ఇంకా ఇరవై నాలుగు కిలోమీటర్లుంది. గట్టిదైనా సరే, ఉండడం మంచిది.”

“ఉండనీ సార్. నూనె కారేదే ఉండనియ్యుర్రి.”

“ముప్ఫై రెండేళ్ళు ఇదే పని చేశానమ్మా నేను...”

“మీరు చెప్పేది అబద్ధం గాదు సార్. కానీ ఇది ఎంత ఊగుతదో ఇప్పుడు నాకు తెలుసు. నాలుగు కిలోమీటర్లు దీంతోనే వచ్చిన. గట్టిది ఎక్కడ ఎగురుతదో నాకు తెల్వదు. తెలిసినదాంతో నెమ్మదిగ పోత.”

ఉస్తాద్ పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. నా చేతిలోని స్పానరు వైపే చూస్తున్నాడు. వదిన వేళ్ళ మీద లెక్కపెడుతూ “పదమూడు నిమిషాలున్నయ్” అంది.

నా జీవితంలో స్పానరు కింద పెట్టడం ఎప్పుడూ అంత బరువుగా అనిపించలేదు. పెట్టాను. మిగతా నట్లు బిగించి, టైర్లలో గాలి చూసి, కారిన నూనె బ్రేకు మీద పడకుండా తుడిచి గుడ్డ కట్టాను. అంతకంటే చేయగలిగింది లేదు. వాళ్ళు వెళ్ళిపోయారు. కారు వెనక భాగం పడవలా ఊగుతూ తోట మలుపు తిరగడం కనిపించింది.

ఉస్తాద్, నేను అడ్డదారిన ముగింపు దగ్గరికి వెళ్ళాం. గడువు దాటి వచ్చిన కారును లెక్కలోకి తీసుకోరు. ఒక్కొక్కటే వస్తున్నాయి. ఐదు, ఆరు, ఏడు. మధ్యలో ఆగినవాటిని ట్రాక్టరుతో లాక్కొస్తున్నారని ఎవరో చెప్పారు. ఎనిమిదోది వచ్చింది, మాది కాదు. తొమ్మిదోది, మాది కాదు. గడియారం చూడడం నాకు కొత్త కాదు కానీ, ఆ రోజు చూడలేక ఉస్తాద్‌కిచ్చాను. ఆయనకు టైము చదవడం వచ్చో రాదో అడగలేదు. “చిన్న ముల్లు కదులుతలేదు సాబ్, ఫికర్ జెయ్యకుర్రి” అన్నాడు.

గడువుకు ఇంకా ఆరు నిమిషాలుందనగా మా కారు వచ్చింది. పరుగు పందెంలో ఆఖరి పిల్ల వచ్చినట్టు వచ్చింది. తొందర లేదు, ఆగడమూ లేదు. ముగింపు దగ్గర అడ్డంగా కోసిన చిన్న కాలువ ఒకటుంది. అక్కడ దాదాపు నిలబెట్టినంత నెమ్మది చేసి, ముందు చక్రాలు దింపి, ఎక్కించి, వెనకవి దింపి, ఎక్కించి, కారు ఊగడం తగ్గేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు గీత దాటింది. నా గట్టి షాకప్‌లు బిగించి ఉంటే ఆ కాలువ దగ్గర కారు కప్పలా ఎగిరి ఏమయ్యేదో నాకు తెలుసు. తెలిసినవాళ్ళు అక్కడ ఇద్దరమే ఉన్నాం.

పద్నాలుగింటిలో పది చేరాయి. మాది పదోది.

వదిన దిగి దారి కాగితం మీద ముద్ర వేయించుకుని, రోడ్డు పక్క గడ్డిలో కాళ్ళు చాపి కూర్చుంది. “ఇగ ఒక నెల నేను ఎడ్లబండి తప్ప ఏదీ ఎక్క. బళ్ళె పిల్లలకు ఫోన్ జెయ్యుర్రి, మీ మేడమ్ దాటిందని!” ఉస్తాద్ నీళ్ళ సీసా మూత తీసి ఆమెకిచ్చాడు.

టీచరు హెల్మెట్ తీసి నా వైపు వచ్చింది. అబద్ధమెందుకు, నేను ఒక మంచిమాట వినడానికి సిద్ధంగా నిలబడ్డాను. జవాబుగా చెప్పడానికి వినయంగా రెండు వాక్యాలు కూడా మనసులో కూర్చుకున్నాను.

“సార్, ముందు కుడి పక్క ఇంకా గట్టిగనే ఉన్నది” అంది. “బ్రేక్ కొడితే ముక్కు ఎడమకు లాగుతున్నది. వెనక రబ్బరు ఇంకొంచెం మెత్తది గావాలె. ఎడమ షాకప్ కడ్డీకి రాయి తగలకుండ మీరు రేకేదన్న పెట్టాల్సింది, పెట్టలే. సీటు గూడ...”

“ఓ తల్లీ, ముందు నీళ్ళు దాగు!” అని వదిన గడ్డిలోంచి అరిచింది.

ఆమె వినలేదు. చెబుతూనే ఉంది. నేను జేబులోంచి పెన్ను తీశాను.

“ఆగమ్మా” అన్నాను. “మొదటినుంచి చెప్పు.”